ప్రయాణములందును, జనసమ్మర్దమందును ఆరోగ్యరక్షణ

అంటువ్యాధి మనుష్యునితోనే ప్రయాణము చేయును. 1918వ సంవత్సరమున ఇన్‌ఫ్లూయెంజా ఓడలలో బొంబాయి రేవు చేరి, అచ్చటినుండి రైలుమార్గముల వెంబడి దేశమంతట ప్రాకి, కోటికి పైగా ప్రాణములను హరించినది. నూరేండ్ల పిమ్మట కోవిడ్ విమానములలో వచ్చినది. మన దేశమున మొదటి రోగిని 2020 జనవరి 30వ తేదీన కేరళలో గుర్తించిరి. రెండు నెలలు నిండకముందే, మార్చి 25 నుండి, దేశమంతయు తలుపులు మూసికొనవలసివచ్చెను. అత్యవసర పరిస్థితి తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించినది. అయినను ఆ వ్యాధి లోకమును విడిచిపోలేదు. మరియొకటి రాదను నమ్మకమును లేదు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట వివేకము కాదు గదా!

వ్యాధి వ్యాపించు తీరు తెలిసినచో జాగ్రత్తలు వాటంతటవే బోధపడును. రోగి దగ్గినను, తుమ్మినను, బిగ్గరగా మాటలాడినను తుంపరలు వెలువడును. పెద్దవి కొలది అడుగులలోనే నేలబడును. మిక్కిలి సూక్ష్మమైనవి గాలి ఆడని చోట గంటలకొలది తేలుచుండును. కావున ఆరుబయటికంటె కిటికీలు మూసిన గది, క్రిక్కిరిసిన బస్సు ఎక్కువ అపాయకరములు. అదియుగాక, కోవిడ్ రోగి లక్షణములు బయటపడుటకు ఒకటి రెండు దినములు ముందుగనే ఇతరులకు వ్యాధి నంటింపగలడు. చూపులకు ఆరోగ్యవంతుడైనంతమాత్రమున అతనివలన భయము లేదనరాదు.

మన బరంపురమునుండి ఇచ్ఛాపురమునకో, శ్రీకాకుళమునకో, విశాఖపట్టణమునకో పెండ్లిండ్లకును పేరంటములకును పోవని కుటుంబము లేదు. వ్యాధి ప్రబలిన దినములలో ఈ క్రింది నియమములు పాటింపవలెను.

1. జ్వరము, దగ్గు ఉన్నవారు ప్రయాణము మానవలెను. ఎంత దగ్గర బంధువుల పెండ్లియైనను ఇందుకు మినహాయింపు లేదు.

2. రైలులోను, బస్సులోను ముక్కును నోటిని కప్పునట్లు మాస్కు ధరింపవలెను. గడ్డము క్రిందికి జారిన మాస్కు ఉండియు లేనట్లే. తడిసినచో మార్చవలెను. అయిదేండ్లలోపు పిల్లలను నిర్బంధింప నక్కరలేదు.

3. వీలైనంతవరకు కిటికీలు తెరచి యుంచవలెను.

4. భోజనమునకు ముందును, ఇల్లు చేరగనే సబ్బుతో ఇరువది సెకండ్లు చేతులు కడుగవలెను. ఆ క్రిమిని చుట్టియున్న క్రొవ్వుపొరను సబ్బు ఛేదించును. నీరు దొరకనిచోట నూటికి అరువది పాళ్లకు తగ్గని ఆల్కహాలు గల శానిటైజరు వాడవచ్చును; దానిని నిప్పునకు దూరముగ నుంచవలెను.

5. సంతలోను, ఠాకురాణి జాతరలోను, టిక్కెట్ల వరుసలోను ఎడము పాటింపవలెను. వృద్ధులను, మధుమేహము, ఉబ్బసము గలవారిని రద్దీ వేళలకు తప్పించి తీసికొనిపోవలెను.

బడి విషయమున ప్రత్యేకముగ ఒక మనవి. హాజరు తగ్గునను భయముతో జ్వరము గల బిడ్డను తరగతికి పంపవలదు. ఒక్క బల్లపై ముగ్గురు కూర్చుండుదురు. ఆ ముగ్గురి యిండ్లలోను అవ్వలు, తాతలు గలరు. పోయిన పాఠము మరల చెప్పవచ్చును, పోయిన ప్రాణము తేలేము.

చివరగా ఒక మాట. రైలు స్టేషనులలోను, ఆసుపత్రులలోను ప్రకటనలు అన్నివేళల తెలుగున నుండవు. మన యిండ్లలో తెలుగు దప్ప వేరు లిపి యెరుగని పెద్దలు పలువురు గలరు. ఒడియా, ఇంగ్లీషు చదువనేర్చిన మీ పిల్లలచే అట్టి ప్రకటనలను తెలుగున వ్రాయించి, ఇంటి గోడపై అంటింపుడు. మాతృభాషలో చదువుకొన్న జాగ్రత్త మనస్సున నిలుచును. బిడ్డ నేర్చిన చదువు ఆ దినమున తాతకు రక్షయగును.