బి కణం టి కణానికి ఎలా తోడవుతుంది?

ఎలుకల పేగుల్లో ‘హెలిగ్మోసోమాయిడిస్ పాలిగైరస్’ అనే పురుగు బతుకుతుంది. మందుతో దాన్ని తొలగించాక మళ్లీ సోకితే, మామూలు ఎలుకలు త్వరగానే వదిలించుకుంటాయి. బి కణాలనే రోగనిరోధక కణాలు లేని ఎలుకలకు అది అంత సులువు కాదు.

ఎందుకు? బి కణాలు తయారుచేసే యాంటీబాడీలు లేకపోవడం ఒక కారణం. టి కణాలనే తోటి రోగనిరోధక కణాల స్పందన కూడా నీరసించడం మరొకటి!

బి కణం పురుగు ప్రొటీన్‌ను పట్టుకుని లోపలికి లాక్కుంటుంది. ముక్కలు చేసి, ఎంహెచ్‌సి-2 అణువుపై ఉంచి టి కణానికి చూపిస్తుంది. సైటోకైన్లనే రసాయన సంకేతాలనూ పంపుతుంది. ఇలా ఊతం దొరికిన సహాయక టి కణాలు ఐఎల్-4, ఐఎల్-13 అనే సైటోకైన్లను విడుదల చేస్తాయి. దాంతో పేగులో జిగురు పెరుగుతుంది, కండరాలు గట్టిగా ముడుచుకుంటాయి. పురుగుకు నిలవడం కష్టమవుతుంది.

స్పందన శ్రుతి మించితే సొంత కణజాలమే దెబ్బతింటుంది. అందుకే కొన్ని బి కణాలు ఐఎల్-10 అనే మరో సైటోకైన్‌తో టి కణాల జోరు తగ్గిస్తాయి. షిస్టోసోమా పురుగు సోకిన ఎలుకల్లో ఇలాంటి కణాలు కనిపించాయి.