మొసళ్ల మొనగాడు పోయినాడు, మిగిలిందేమి?

ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కా, నోట్లో ఎప్పుడూ ఒక కేక. మొసలి మీదికి దూకే ఆ ఆస్ట్రేలియా ఆయన వీడియో మీ ఫోన్లోకి ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటాది. ఆయన పేరు స్టీవ్ ఇర్విన్. 2006లోనే చనిపోయినాడు. అయినా ఆయన మీద పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు. అడవి జీవాల్ని కాపాడిన మహానుభావుడని కొందరంటే, వాటిని సతాయించి పేరు సంపాదించినాడని ఇంకొందరంటారు.

బుక్కరాయసముద్రంలో ఉండే మనకు ఆ పంచాయితీతో ఏం పని? పని ఉండాది. ఇప్పుడు మన ఊర్లలో పాము కనబడితే కట్టె కంటే ముందు ఫోన్ బయటికొస్తా ఉండాది. పడగ పట్టుకుని రీల్ తీసే పిల్లోల్లకు తెలిసినా తెలియకపోయినా, ఆ దావ వేసినోళ్లలో ఈయన పెద్దోడు.

స్టీవ్ 1962లో పుట్టినాడు. 1970లో ఆయన అమ్మానాన్న క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రంలో బీర్వా అనే ఊర్లో పాములు, మొసళ్లతో చిన్న పార్కు పెట్టినారు. పిల్లోడు వాటి మధ్యనే పెరిగినాడు. పెద్దయినాక ప్రభుత్వం తరపున మొసళ్లు పట్టేకి పోయినాడు. మనుషులు తిరిగే యేర్లలోకి వచ్చిన మొసలిని కాల్చి చంపకుండా, ప్రాణాలతో పట్టి వేరే తావుకు చేర్చేది ఆ పని. 1992లో టెర్రీని పెండ్లి చేసుకున్నాడు. పెండ్లయినాక కొత్త జంట పోయింది కూడా మొసళ్లు పట్టేకే! ఆ వీడియోనే 'క్రొకోడైల్ హంటర్' టీవీ సీరీస్‌కు మొదటి భాగం అయింది. వందకు పైగా దేశాల్లో జనం చూసినారు.

2006 సెప్టెంబర్ 4న ఆస్ట్రేలియా తీరంలో, బ్యాట్ రీఫ్ అనే తావులో, నీళ్లలో షూటింగ్ చేస్తా ఉంటే స్టింగ్‌రే చేప తోకముల్లు గుండెలో దిగింది. అప్పటికి ఆయన వయసు 44. మొసళ్లతో, పాములతో ఆడిన మనిషి, మామూలుగా మనిషి జోలికే రాని చేప వల్ల పోయినాడు.

మరుసటి దినమే రగడ మొదలైంది. ఆస్ట్రేలియాలోనే పుట్టిన రచయిత్రి జెర్మేన్ గ్రీర్ బ్రిటన్ పత్రిక 'గార్డియన్'లో రాస్తా, జంతులోకం ఆయన మీద పగ తీర్చుకుందనే అర్థం వచ్చేట్లు అన్నారు. జీవాల తావులోకి చొరబడి వాటిని రెచ్చగొట్టేది ప్రేమ ఎట్ల అయితాదని ఆమె వాదన. మనిషి పోయి ఒక దినం కాకముందే ఆ మాటలేందని ఆస్ట్రేలియా జనం భగ్గుమన్నారు. అంతలోనే క్వీన్స్‌ల్యాండ్ తీరంలో తోకలు తెగ్గోసిన స్టింగ్‌రే చేపలు చచ్చిపడి కనిపించినాయి. అభిమానులే కసితో చేసినారేమో అని అనుమానం వచ్చింది. స్టీవ్ కోరుకునేది ఇది కాదని ఆయన పెట్టిన సంస్థ వాళ్లే చెప్పుకోవాల్సి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో ఆయన పుట్టినరోజుకు గూగుల్ తన పేజీలో బొమ్మ పెడితే, జంతువుల హక్కుల సంస్థ పెటా మళ్లీ తప్పుపట్టింది. చనిపోయి పన్నెండేండ్లు దాటినా అదే వాదన.

విమర్శలో బలం ఉండాది, కాదనలేం. 2004 జనవరిలో నెల బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో మొసలికి కోడిమాంసం వేసినాడు. ప్రపంచమంతా తిట్టింది. దానికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. జీవంతో కలబడితేనే చూడదగ్గ వీడియో అనే అలవాటు జనానికి పట్టింది. కెమెరా వెనకాల ఉన్న ఏండ్ల అనుభవం, పక్కన నిలబడ్డ మనుషులు, తాళ్లు మనకు కనబడవు. దూకేది ఒక్కటే కనబడతాది.

ఆయన వైపు కూడా రొంత చూడాల. జింకను, నెమలిని ప్రేమించమని చెప్పేది సులువు. జనం చూస్తానే చంపే పామును, మొసలిని చూసి ఎంత అందంగా ఉండాదో అని మురిసిపోయి, కోట్ల మందిని మురిపించినోళ్లు సానా తక్కువ. ఇక కెమెరా ముందు కాకుండా చేసిన పని చూడండి. 2002లో జీవాల కోసం సంస్థ పెట్టినాడు. టీవీలో వచ్చిన డబ్బులో కొంత పెట్టి అడవి జీవాల కోసం భూములు కొన్నాడు. 2004లో జూ దగ్గరే జంతువులకు ఆసుపత్రి మొదలైంది. 2020 మొదట్లో ఆస్ట్రేలియా అడవులు తగలబడే నాటికి అక్కడ వైద్యం చేసిన జీవాలు 90,000 దాటినాయి. ఆయన పోయిన మరుసటేడు, ప్రభుత్వ డబ్బుతో కేప్ యార్క్ ప్రాంతంలో 1,35,000 హెక్టార్ల భూమిని ఆయన పేరు మీద జీవాలకు కేటాయించినారు. అందులో బాక్సైట్ గని తవ్వేకి కంపెనీ వస్తే టెర్రీ ఏండ్ల తరబడి పోరాడినారు. 2013లో గని ఆగింది.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. మొసళ్లకు శాటిలైట్ పరికరాలు కట్టి, పట్టిన తావుకు దూరంగా వదిలి, అవి యాడికి పోతాయో యూనివర్సిటీ శాస్త్రవేత్తలతో కలిసి గమనించినాడు. ఆయన చనిపోయిన మరుసటేడు 2007లో ఆ పరిశోధన అచ్చయింది. దూరంగా వదిలిన మూడు మొసళ్లూ వెనక్కి వచ్చేసినాయి. ఒకటైతే సముద్రం వెంబడి 400 కిలోమీటర్లు పైనే ఈది ఇల్లు చేరింది! అంటే మొసలిని పట్టి దూరంగా వదిలితే పని అయిపోతాదనే నమ్మకం తప్పని తేలింది. ఆయన వయసులో ఉన్నప్పుడు చేసిన పనినే ఆయన పరిశోధన ప్రశ్నించింది. ఏ వీడియోలోనూ అంత దమ్ము లేదు.

మన ఊరి ముసలమ్మ కథ మీకు తెలిసిందే. చెరువు కట్ట తెగబోతే ఊరి కోసం ప్రాణమిచ్చిందని చెప్పుకుంటాం. కట్టమంచి రామలింగారెడ్డి ఆమె మీద కావ్యమే రాసినారు. ఆ తల్లిని మనం తల్చుకునేది ఆమె పోయిన తీరు కోసం కాదు, నిలిచిన చెరువు కోసం. ఎవరి విషయంలోనైనా కొలత అదే కావాల. ఎంత ధైర్యంగా దూకినాడని కాదు, ఆయన పోయినాక ఏ జీవం, ఏ నేల నిలబడిందని చూడాల. ఆ లెక్కన స్టీవ్‌కు మార్కులు బాగానే వస్తాయి. ఆయన్ను చూసి పామును పట్టేటోళ్లకు మాత్రం సున్నానే.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయినారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58,000 మంది. సానా మంది పల్లెల వాళ్లే. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉండాది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగే ఎక్కువ ప్రాణాలు తీసేవి. మరి చేన్లో ఎలకల్ని తిని శెనక్కాయల్ని కాపాడే జెర్రిపోతును కూడా విషప్పామని కొట్టేస్తాం. పామును చంపేదీ, పట్టి ఆడించేదీ రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పాము కనబడితే దూరంగా నిలబడండి. దానికి పోయేకి దావ ఇడవండి. ఇంట్లోకి వస్తే అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి. రాత్రి చేన్లోకి నీళ్లు కట్టేకి పోయేటప్పుడు టార్చీ, బూట్లు మరవొద్దు. కాటు పడితే కోసేది, నోటితో పీల్చేది, గట్టిగా కట్టు కట్టేది వద్దు. కాలో చెయ్యో కదలకుండా పెట్టి, 108కి ఫోన్ చేసి, నేరుగా ఆసుపత్రికి పోండి. మంత్రం కోసం గంట పోగొట్టుకుంటే ఆ గంట మళ్లీ రాదు.

రీల్ తీసేకి ఆశ ఉంటే ఇవి తీయండి. జెర్రిపోతుకూ నాగుపాముకూ తేడా ఏందో, మీ ఊరికి దగ్గర్లో విషానికి మందు ఏ ఆసుపత్రిలో దొరుకుతాదో చూపించండి. లైకులు తక్కువ రావొచ్చు. ఎవరో ఒకరి ప్రాణమైతే నిలబడతాది.