కార్యాలయ కంప్యూటర్ నెట్‌వర్కుల నిర్వహణ, భద్రత: అంతర్గత విభజన ఆవశ్యకత

2022 నవంబర్ 23వ తేదీన న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్) కంప్యూటర్ వ్యవస్థ స్తంభించింది. ఔట్‌పేషెంట్ల నమోదు, ఇన్‌పేషెంట్ విభాగం, ప్రయోగశాల నివేదికలు మొదలైన సేవలను సుమారు రెండు వారాల పాటు కాగితం, కలం సహాయంతో నడపవలసి వచ్చింది. ఐదు సర్వర్లు దాడికి గురయ్యాయనీ, దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారం చదవడానికి వీలులేని సంకేతరూపంలోకి మార్చబడిందనీ కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. ఇందుకు కారణంగా ఆ సమాధానంలో పేర్కొన్న అంశం గమనింపదగినది. నెట్‌వర్క్ విభజన సక్రమంగా లేకపోవడమే దుండగుల ప్రవేశానికి అవకాశం ఇచ్చిందని అందులో వెల్లడించారు.

ఈ విషయం ఒక్క ఆసుపత్రికి పరిమితమైనది కాదు. రాష్ట్ర రాజధాని నుండి జిల్లా, మండల కేంద్రాల వరకు కార్యాలయాలను అనుసంధానించే స్టేట్ వైడ్ ఏరియా నెట్‌వర్క్ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005 మార్చిలో రూ. 3,334 కోట్ల అంచనా వ్యయంతో ఆమోదించింది. ప్రతి అనుసంధానానికి కనీసం 2 మెగాబిట్ల సామర్థ్యం ఉండాలని ఆనాడు నిర్దేశించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ కేంద్రాలు ప్రారంభమైన తరువాత ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలు, భూమి రికార్డుల నకళ్లు కంప్యూటర్ తెర మీదుగానే ప్రజలకు అందుతున్నాయి. తహశీల్దారు కార్యాలయంలో నెట్‌వర్క్ ఒక పూట ఆగిపోతే, ఉపకార వేతనం దరఖాస్తుకు చివరి రోజున వచ్చిన విద్యార్థి రిక్తహస్తాలతో వెనుదిరగవలసి వస్తుంది.

అంతర్గత విభజన అంటే ఏమిటో రైతులకు వేరుగా చెప్పనవసరం లేదు. కళ్లంలో గడ్డివాములను ఒకదానికొకటి ఆనించి వేయరు. ఒక వాముకు నిప్పంటుకుంటే పక్కవాటిని దక్కించుకోవడానికే ఆ ఎడం. పలు కార్యాలయాల్లో మాత్రం ఖాతాల విభాగం కంప్యూటర్లు, ప్రింటర్లు, నిఘా కెమెరాలు, సందర్శకుల వై-ఫై, ప్రధాన సర్వర్లు అన్నీ ఒకే వాముగా ఉంటాయి. ఎవరో ఒకరు అనుమానాస్పదమైన ఈ-మెయిల్ జోడింపును తెరిస్తే, ఆ హానికర ప్రోగ్రాం సర్వరు వరకు నడచిపోవడానికి అడ్డేమీ ఉండదు.

దీనికి పరిష్కారం వి-ల్యాన్ విధానం. ఒకే స్విచ్‌కు కలిపిన పరికరాలను కూడా వేర్వేరు సమూహాలుగా విడదీయడం దీనివలన సాధ్యమవుతుంది. అయితే ఇక్కడ తరచుగా ఒక లోపం జరుగుతున్నది. వి-ల్యాన్లను ఏర్పాటు చేసి, వాటి మధ్య రాకపోకలను రూటర్ ద్వారా యథేచ్ఛగా అనుమతిస్తే, గదుల మధ్య గోడలు కట్టి తలుపులన్నీ బార్లా తెరిచి ఉంచినట్లే. ఏ సమూహం నుండి ఏ సమూహానికి, ఏ సేవ కొరకు, ఏ పోర్టు ద్వారా అనుమతి ఉన్నదో నిబంధనలు వ్రాసి, తక్కినదంతా నిషేధించినప్పుడే విభజన పూర్తవుతుంది. నిఘా కెమెరాకు ఖాతాల సర్వరుతో ఏమి పని? కార్యాలయంలోని యంత్రాలన్నింటికీ ఒకే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఉండడం కూడా విభజనను నిష్ఫలం చేస్తుంది. ఒక యంత్రంలో దొరికిన తాళంచెవి అన్నిటినీ తెరుస్తుంది.

రెండవ రక్షణ సాఫ్ట్‌వేర్ లోపాలను సకాలంలో సరిదిద్దడం. 2017 మే 12న ప్రపంచవ్యాప్తంగా విస్తరించిన వాన్నాక్రై దాడి విండోస్ ఫైళ్ల పంపిణీ సేవలోని లోపాన్ని ఆసరాగా చేసుకొని, 445వ పోర్టు ద్వారా ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి తనంత తానే పాకింది. బ్రిటన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. ఆ లోపానికి ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి 14ననే, అంటే దాడికి 59 రోజుల ముందే, విడుదల చేసియున్నది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినందున, ఆ యంత్రాలు ఎన్ని ఉన్నవో లెక్క తీయడం ప్రతి కార్యాలయం తక్షణ కర్తవ్యం.

మార్పులను అన్ని యంత్రాలలో ఒకేసారి ప్రవేశపెట్టడం కూడా క్షేమకరం కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన నవీకరణ వలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. ముందు కొద్ది యంత్రాలలో పరీక్షించి, తరువాత తక్కినవాటికి విస్తరింపజేయడం ఉత్తమం. పరీక్ష పేరుతో నెలల తరబడి జాప్యం చేయడం వేరే సంగతి.

ఇక మరమ్మతుల విషయం. "నెట్ రావడం లేదు" అనే ఒక్క ఫిర్యాదు వెనుక పది కారణాలు ఉండవచ్చు. వెంటనే రూటరును ఆపి మరల వేయడం అలవాటుగా మారింది. దీనివలన ఒక్కొక్కసారి సేవ తిరిగి వస్తుంది కానీ, కారణం తెలియకుండా పోతుంది, అదే సమస్య మరునాడు పునరావృతమవుతుంది. మొదట తెలుసుకోవలసినవి రెండు. సమస్య ఒక్క యంత్రానికా, ఒక గదికా, కార్యాలయం మొత్తానికా? నిన్నటికీ నేటికీ మారినదేమిటి? ఆ తరువాత కింది నుండి పైకి వెళ్లాలి. కేబుల్ బిగించిన చోట దీపం వెలుగుతున్నదా? యంత్రానికి చిరునామా లభించినదా? ఆ చిరునామా 169.254తో మొదలైతే, చిరునామాలు పంచే సర్వరు నుండి జవాబు రాలేదని అర్థం. కార్యాలయ చిరునామాలు 10తో మొదలవుతుండగా ఒక యంత్రంలో 192.168 కనిపిస్తే, ఎవరో ఇంటి నుండి తెచ్చిన వై-ఫై పెట్టెను గోడ సాకెట్‌కు తగిలించి ఉంటారని అనుమానించవచ్చు. అది తనకు తోచిన చిరునామాలు పంచుతూ ఉంటుంది.

చిరునామా సరిగా ఉంటే ముందు స్థానిక గేట్‌వేకు, పిదప జిల్లా కేంద్రానికి పింగ్ పంపి చూడాలి. అంకెలతో జవాబు వచ్చి, పేరుతో రాకపోతే దోషం పేర్లను అంకెలుగా మార్చే డి.ఎన్.ఎస్. సర్వరుది. అన్ని యంత్రాలలోనూ తెరుచుకునే వెబ్‌సైటు ఒక్క దానిలో మాత్రం సర్టిఫికెట్ దోషం చూపుతుంటే, ముందుగా ఆ యంత్రం తేదీని పరిశీలించాలి. మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్ ఎన్నో ఏళ్ల వెనుకటి తేదీకి జారిపోతుంది. అప్పుడు సక్రమమైన సర్టిఫికెట్ కూడా దానికి చెల్లనిదిగా తోస్తుంది.

మరొక సామాన్య ప్రమాదం వలయం. గది శుభ్రపరిచే సమయంలో వేలాడుతున్న కేబుల్ కొసను చూసి, ఊడిపోయిందనే సదుద్దేశంతో ఎవరో స్విచ్‌కు పెడతారు. రెండవ కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంటుంది. ఇక సందేశాలు అంతులేకుండా తిరుగుతూ క్షణాలలో అంతస్తు అంతటినీ నిలిపివేస్తాయి. దీనిని నివారించే స్పానింగ్ ట్రీ విధానాన్ని రేడియా పెర్ల్‌మన్ 1985లోనే రూపొందించారు. అయితే తక్కువ ధర స్విచ్‌లలో ఆ సదుపాయం సాధారణంగా ఉండదు. ప్రతి కేబుల్‌కు రెండు కొసలలోనూ చీటీ అంటించడం, ఏది ఎక్కడికి వెళ్లునో తెలిపే పటం ఒకటి గోడకు తగిలించడం ఖర్చు లేని పనులు.

దాడి జరిగినట్లు అనుమానం కలిగినప్పుడు ఆ యంత్రం నెట్‌వర్క్ కేబుల్‌ను తొలగించి, వై-ఫైని ఆపివేయాలి. వీలైనంత వరకు విద్యుత్తు ఆపరాదు. యంత్రం జ్ఞాపకశక్తిలోని ఆధారాలు దానితో చెరిగిపోతాయి. సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం నిర్దేశిత సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటలలోపు ఆ సంస్థకు తెలియజేయాలి. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, గడియారాలన్నింటినీ ప్రామాణిక కాలంతో సరిపోల్చి ఉంచాలి. గడియారాల నిబంధన కొందరికి చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ఫైర్‌వాల్ ఒక సమయం, సర్వరు మరొక సమయం చూపుతుంటే దుండగుడు ఏ మార్గాన వచ్చినదీ వరుస కట్టడం అసాధ్యమవుతుంది.

ఎయిమ్స్‌లో ఈ-హాస్పిటల్ సమాచారం తిరిగి లభించడానికి కారణం, దాడి సోకని ఒక బ్యాకప్ సర్వరు మిగిలి ఉండడమే. అందులోని సమాచారాన్ని కొత్త సర్వర్లలోకి ఎక్కించారు. ముఖ్యమైన సమాచారానికి మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలలో, అందులో ఒకటి కార్యాలయానికి వెలుపల ఉంచడం అంగీకృతమైన పద్ధతి. కనీసం ఒక ప్రతి నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా ఉండాలి. ఎల్లప్పుడూ సర్వరుకు తగిలించి ఉంచిన హార్డ్‌డిస్కు సర్వరుతో పాటే నష్టపోతుంది. స్విచ్‌లు, రూటర్లు, ఫైర్‌వాల్‌ల కాన్ఫిగరేషన్‌ను కూడా ఇదే విధంగా దాచుకోవాలి. బ్యాకప్ నుండి ఒక ఫైలును, ఏడాదికొకసారైనా ఒక సర్వరును పూర్తిగా పునరుద్ధరించి, అందుకు ఎంత సమయం పట్టినదీ రిజిస్టరులో నమోదు చేయాలి. సైబర్ సంఘటనలపై సర్ట్-ఇన్ ఉచిత టెలిఫోన్ సంఖ్య 1800-11-4949.