నడిచి చూడవలసిన రాజమహేంద్రవరము

పుట్టి పెరిగిన ఊరిని మనుష్యుడు చూచుట చాల అరుదు. బడికి, కచేరీకి, అంగడికి పోవు దారులుగా మాత్రమే వీథులు వానికి పరిచితములై యుండుటచేత, ఏ మలుపున ఏ దుకాణమున్నదో కన్నులు మూసికొని చెప్పగలవాడు సైతము, ఆ దుకాణపు మీది అంతస్తున నూరేండ్లనాటి కొయ్యచెక్కడము కలదని మరియొకరు చూపువరకు తలయెత్తి చూడడు. బంధువులు వచ్చినపుడు రాజమహేంద్రవరవాసులు చేయు మర్యాద అందఱెఱిగినదే: పుష్కరాల రేవున స్నానము, ఒక గ్లాసెడు రోజ్‌మిల్కు, పాపికొండలకు లాంచి ప్రయాణము. అంతటితో ఊరు చూపుట ముగిసినట్లే. రోజ్‌మిల్కును నిందించుట నా యుద్దేశము కాదు, అది త్రాగదగినదే.

ఈ లోపమును తీర్చుటకై ఇటీవల నగరములందు ‘హెరిటేజ్ వాక్’ అను నడక ప్రచారమునకు వచ్చినది. ఊరి చరిత్ర తెలిసిన యొకరు ముందు నడువగా, పదిమందియో ఇరువదిమందియో వేకువనే బయలుదేరి, ఎండ ముదురకముందే ఒక పాతపేటను కాలినడకను చుట్టివచ్చుట దీని పద్ధతి. హైదరాబాదునందు చార్మినారు, నాలుగు కమానులు, చౌమహల్లా ప్రాసాదము ఉండుటచేత అచ్చట ఈ పని కొంత సులభము. చూపవలసినది కంటికెదురుగనే నిలిచియుండును. రాజమహేంద్రవరమున అట్లు కాదు. రాజరాజనరేంద్రుని రాజధానియై, నన్నయభట్టారకుని భారతరచనకు ఆలవాలమైన ఈ నగరమున 11వ శతాబ్దపు రాజసౌధమును వెదకబోవువాడు నిరాశతో మరలిరావలసినదే. ప్రాచీన మసీదునందలి 1324 నాటి పారశీక శాసనమువంటి గుఱుతులు కొన్ని లేకపోలేదు గాని, ఈ ఊరి ఘనత ముఖ్యముగా సామాన్యములైన యిండ్లలో, గ్రంథాలయములలో, తరగతి గదులలో జరిగిన పనులయందున్నది. కావున ఇచ్చట నడచువాడు కన్నులతోపాటు కొంత చదువును గూడ వెంటగొనిపోవలెను.

వంకాయలవారి వీథిలోని కందుకూరి వీరేశలింగము పంతులుగారి యింటిని చూడుడు. నేడది స్మారక ప్రదర్శనశాల. 1881 డిసెంబరు 11వ తేదీన పంతులుగారు తమ మొదటి వితంతువివాహమును స్వగృహమున జరిపించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు అండగా నిలిచిరి. ఊరిలో పెద్దలనదగినవారు మాత్రము పెక్కురు ముఖము చాటుచేసిరి. ఈ సంగతి ప్రతి పాఠ్యపుస్తకమునను ఉన్నది. పాఠ్యపుస్తకములు చాలవఱకు విడిచిపెట్టునది, వివాహానంతరము ఆ యింట జరిగినది. వంటవారు మానిరి, నీళ్లు మోయువారు మానిరి. అంతట పంతులుగారి సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు తామే వండి, తామే గోదావరినుండి నీరు తెచ్చిరి. ఆ వీథినుండి రేవువఱకు ఒక్కసారి నడిచి రండు. ఇరుప్రక్కల అరుగులమీద కూర్చున్నవారి చూపుల నడుమ, నిండు బిందె నెత్తుకొని, ప్రతిదినము ఆ దారిని తిరిగివచ్చుట యనగా నేమో అప్పుడు బోధపడును. సంస్కరణోద్యమమును గూర్చిన ఉపన్యాసము లెన్ని విన్నను కలుగని యెఱుక ఆ కొద్ది దూరపు నడకచే కలుగును. భర్తకు లభించిన కీర్తిలో ఆమె పాలు ఎంతయో ఆ దారియే కొలిచి చూపును. దంపతు లిరువురి సమాధులును ఆనందోద్యానమునందు ప్రక్కప్రక్కనే యున్నవి; ఇల్లు చూచినవారు వానిని చూడక మరలరాదు. 1890లో వెలసిన పురమందిరమును పంతులుగారి కృషి ఫలమే.

1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుడు ఈ ఊరికి వచ్చి వందేమాతరోద్యమమును గూర్చి ఉపన్యసింపగా, ఆ ప్రసంగములను తెనిగించి వినిపించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. పాలుడు వెడలిపోయెను గాని వేడి పోలేదు. వందేమాతరపు బిళ్లలు ధరించి తరగతులకు వచ్చిన విద్యార్థులపై ట్రెయినింగు కళాశాలాధికారులు ఆగ్రహింపగా, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చదువునకే దూరము కావలసివచ్చెను. ప్రభుత్వోద్యోగము చేతికంద నున్న యువకుడు ఒక చిన్న బిళ్లకొఱకు దానిని వదలుకొనిన స్థలమది. దాని ముందుగా ప్రతిదినము ఆటోలలో పోవు మనము అచ్చటి రద్దీని విసుగుకొనుటయే గాని మరియేమి చేయుచున్నాము?

గోదావరి గట్టు చెంతనున్న దామెర్ల రామారావు చిత్రశాలలో సాధారణముగా రద్దీ యుండదు, ఉండిన బాగుండును. 1897లో పుట్టి, ఆర్ట్సు కళాశాలాధ్యక్షుడైన కూల్డ్రే దొరగారి ప్రోత్సాహమున బొంబాయికేగి చిత్రకళ నభ్యసించి, స్వస్థలమునకు మరలివచ్చి చిత్రకళాశాలను నెలకొల్పిన ఆ మహనీయుడు 1925లో మశూచివలన మరణించునాటికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడ చిత్రకారిణులే. ‘సిద్ధార్థ రాగోదయము’ ముందు కొంతసేపు నిలువుడు. సెల్‌ఫోనుతో నాలుగు ఛాయాచిత్రములు తీసి కదలిపోవువారికి అందలి రేఖాలాలిత్యము చిక్కదు.

పుస్తకప్రియులకు గౌతమీ గ్రంథాలయ మొక్కటియే ఒక పూట పని. వసురాయ, రత్నకవి నామములతో నడచుచుండిన రెండు గ్రంథాలయముల కలయికచే ఏర్పడిన ఈ సంస్థలో తాళపత్రములును, నేడు మరియెచ్చటను సులభముగా దొరకని పాతపత్రికలును కలవు. ఇక హేవ్‌లాక్ వంతెన: 1897లో ఆరంభమై, 1900లో రైళ్లను నడిపించి, 1997లో విశ్రాంతి పొందినది. ఏబదియారు ఖానాల ఈ వృద్ధసేతువును గట్టుమీదనుండి చూచిన చాలును. ధవళేశ్వరము వేరొక ఉదయమున పెట్టుకొనదగినది. 1847లో మొదలై 1852లో పూర్తియైన కాటన్ దొర ఆనకట్టకై అందఱును పోవుదురు. పంతులుగారు 1874లో బాలికాపాఠశాలను స్థాపించినదియు, ఆయన ‘రాజశేఖర చరిత్రము’ కథకు నాయకుడు కాపురమున్నదియు ఆ యూరనే యని తలచి పోవువారు తక్కువ.

మార్గదర్శి దొరకలేదని యెవరును ఆగనక్కరలేదు. వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము, చిలకమర్తివారి స్వీయచరిత్రము అను రెండు గ్రంథములను ముందు చదివి బయలుదేరినచో, వీథుల పేర్లును మనుష్యుల పేర్లును వానియందే లభించును. మిగిలినది ఆయా పేటల వృద్ధులను అడిగి తెలిసికొనవచ్చును. ఏ యింట ఏ పత్రిక అచ్చయినదో, ఏ అరుగుమీద ఏ నాటకమునకు ఒద్దిక జరిగినదో చెప్పగలవారు ఇంకను కొందఱున్నారు. అయితే వారు ఎల్లకాలము ఉండువారు కారు. పెంకుటిండ్లు కూలి అపార్టుమెంట్లు లేచుచున్న వేగమును చూడగా, ఇండ్లకును అదే మాట వర్తించును.

2015 తరువాత గోదావరి పుష్కరములు మరల 2027లో రానున్నవి. రేవులకు, దీపములకు, రంగులకు ఎంతయో ధనము వ్యయమగును. అందులో స్వల్పభాగముతో నగరపాలక సంస్థవారు ఇట్టి స్థలములయందెల్ల తెలుగులో నాలుగు వాక్యముల పలకను నిలుపవలెను. అచ్చట ఎవరు, ఏ సంవత్సరమున, ఏమి చేసిరో దానిపై స్పష్టముగా వ్రాయింపవలెను. ఉపాధ్యాయులు పలకలకై వేచియుండక, రానున్న ఆదివారమే తమ పిల్లలను వంకాయలవారి వీథికి తీసికొనిపోయి, అచ్చటినుండి గోదావరి రేవువఱకు నడిపింతురు గాక.