సెలినేట్

సెలినేట్ అనగా సెలీనిక్ ఆమ్లము నుండి ఏర్పడే లవణము. ఈ లవణాలలోని ఋణ అయానును సెలినేట్ అయాను అంటారు. ఈ అయానులో ఒక సెలీనియం పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు చతుర్ముఖి ఆకారములో అమరి ఉంటాయి. అయాను మీద రెండు ఋణావేశాలు ఉంటాయి. సోడియం సెలినేట్, పొటాషియం సెలినేట్, బేరియం సెలినేట్ ఇందుకు ఉదాహరణలు. సెలీనియం లవణాలన్నీ సెలినేట్లు కావు. సెలినైట్లు, సెలినైడ్లు అనే మరి రెండు తరగతులు కూడా ఉన్నాయి.

పద వ్యుత్పత్తి

ఈ పదములో రెండు భాగాలున్నాయి. మొదటి భాగము మూలకము పేరు నుండి వచ్చినది. 1817లో స్వీడన్ దేశములోని ఒక గంధకామ్ల కర్మాగారములో అడుగున మిగిలిన ఎర్రని మడ్డిని బెర్జీలియస్, గాన్ అనే శాస్త్రజ్ఞులు పరీక్షించారు. అందులో ఉన్నది టెల్లూరియం అని మొదట భావించారు. తరువాత అది కొత్త మూలకమని తేలినది. లాటిన్ భాషలో భూమిని సూచించే "టెల్లస్" నుండి టెల్లూరియమునకు పేరు వచ్చినది. దానిని పోలిన ఈ మూలకమునకు బెర్జీలియస్ గ్రీకు భాషలో చంద్రుని పేరైన "సెలీనే" నుండి సెలీనియం అని పేరు పెట్టాడు.

రెండవ భాగము "ఏట్" అనే ప్రత్యయము. 1787లో లవోయిజర్, గిటన్ ద మోర్వో మొదలైన ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు ప్రకటించిన నామకరణ పద్ధతి నుండి ఇది వచ్చినది. ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న ఆమ్లపు లవణమునకు "ఏట్", తక్కువగా ఉన్న ఆమ్లపు లవణమునకు "ఐట్" చేరుతాయి. గంధకము విషయములో సల్ఫేట్, సల్ఫైట్ ఎట్లాగో ఇక్కడ సెలినేట్, సెలినైట్ అట్లాగే.

మూడు తరగతులు

* సెలినేట్: సెలీనియం ఆక్సీకరణ స్థితి +6. సెలీనిక్ ఆమ్లపు లవణము.
* సెలినైట్: ఆక్సీకరణ స్థితి +4. సెలీనస్ ఆమ్లపు లవణము.
* సెలినైడ్: ఆక్సీకరణ స్థితి -2. ఆక్సిజన్ లేని సమ్మేళనము.

జిప్సం యొక్క పారదర్శకమైన స్ఫటిక రూపమును కూడా సెలినైట్ అనే పిలుస్తారు. చంద్రకాంతిని పోలిన మెరుపు వలన దానికి ఆ పేరు వచ్చినది. అది కాల్షియం సల్ఫేటు మాత్రమే. అందులో సెలీనియం ఉండదు.

ధర్మములు

సెలీనిక్ ఆమ్లమును 1827లో మిచెర్లిష్ కనుగొన్నాడు. బలములో ఇది గంధకామ్లమునకు సాటి. ఆక్సీకరణ శక్తిలో దానిని మించినది. వేడి గాఢ సెలీనిక్ ఆమ్లము బంగారమును సైతము కరిగిస్తుంది. సెలినేట్ స్ఫటికాలు సల్ఫేట్ స్ఫటికాలను పోలి ఉంటాయి. సోడియం సెలినేట్ నీటిలో బాగా కరుగుతుంది. బేరియం సెలినేట్ చాలా స్వల్పముగా కరుగుతుంది.

నేలలో సెలినేట్

"ఏట్", "ఐట్" భేదము నేలలో స్పష్టముగా కనిపిస్తుంది. క్షారగుణము కలిగి, గాలి బాగా ఆడే నేలలలో సెలీనియం ఎక్కువగా సెలినేట్ రూపములో ఉంటుంది. ఇది మట్టికి గట్టిగా అంటుకోదు, నీటితో కదులుతుంది. మొక్కల వేళ్ళు సల్ఫేటును పీల్చుకునే మార్గములోనే దీనిని కూడా పీల్చుకుంటాయి. ఆమ్లగుణము గల ఎర్రనేలలలో సెలినైట్ రూపము ఎక్కువ. ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు దానిని పట్టి ఉంచుతాయి. తూర్పు కనుమలలో చింతపల్లి పరిసరాల కొండలలో ఖొండలైటు శిలలు అధిక వర్షాలకు శిథిలమై లాటరైటు, బాక్సైటు ఏర్పడ్డాయి. ఇవి ఆ రెండు ఆక్సైడులు సమృద్ధిగా గలవి. ఇట్టి నేలలలో సెలీనియం ఉన్నప్పటికీ అది పంటకు సులభముగా అందదు.

ఇందుకు భిన్నమైన పరిస్థితి పంజాబులోని నవాంశహర్, హోషియార్‌పూర్ ప్రాంతాలలో కొన్ని గ్రామాలది. అక్కడి క్షార నేలలలో సెలీనియం అధికమై, పంటల ద్వారా పశువులకు, మనుషులకు చేరినది. ఆ పొలాలలో జిప్సం వేస్తే పంటలోకి చేరే సెలీనియం తగ్గుతుందని పరిశోధనలు తెలిపాయి. జిప్సములోని సల్ఫేట్ సెలినేటుతో పోటీపడటమే దీనికి కారణము.

ఉపయోగాలు, జాగ్రత్తలు

సెలీనియం కొరత గల ఫిన్లాండు దేశములో 1984 నుండి ఎరువులలో సోడియం సెలినేటును కలుపుతున్నారు. భారతీయ వైద్య పరిశోధనా మండలి పెద్దలకు సూచించిన సెలీనియం రోజుకు 40 మైక్రోగ్రాములు. అమెరికా ప్రమాణాల ప్రకారము గరిష్ఠ పరిమితి 400 మైక్రోగ్రాములు. ఒక మిల్లీగ్రాములో 1000 మైక్రోగ్రాములు ఉంటాయి. కనుక మిల్లీగ్రాములో సగము కూడా ఈ పరిమితిని దాటుతుంది. మోతాదు మించితే జుట్టు రాలటం, గోళ్ళు పెళుసుబారి ఊడటం వంటి లక్షణాలు కనిపిస్తాయి. ప్రయోగశాలలో సెలినేట్లను విషపదార్థాలుగా పరిగణించి వాడవలెను.

ఇవి కూడా చూడండి

* సెలీనియం
* టెల్లూరియం
* గంధకము
* జిప్సం