బురదలోని పనివాళ్లు

సూర్యాపేట జిల్లా మోతె పరిసరాలలో వరిమడిలోకి దిగిన పిల్లలు ఒక వింత చూసే ఉంటారు. కాలు దిగబడితే బురదలోనుంచి బుడగలు పైకి వస్తవి. నీరు నిలిచిన నేలలోకి గాలి చొరబడదు. గాలి లేకుండానే బ్రతికే సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డిని విడగొట్టి ఆ వాయువును పుట్టిస్తవి.

కోతలవేళకు మడి ఆరిపోతుంది. కాని ఎన్నడూ ఆరని బురద ఒకటి ఉన్నది. అది కాకినాడకు సమీపాన, గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరింగ మడ అడవిలోది. 1978లో ఈ అడవిని వన్యప్రాణుల సంరక్షణ కేంద్రంగా చేశారు. అక్కడ రోజూ రెండుసార్లు పోటు వచ్చి, ఉప్పునీరు చెట్ల మొదళ్లను ముంచుతుంది. అందుచేత మడచెట్లు గాలికోసం వేళ్లను బురదపైకి మేకుల్లాగా నిలబెడతవి.

ఈ బురదను కొంచెం తవ్వితే నల్లగా ఉంటుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఇది ఎవరి పని? బాక్టీరియాల పని. అవి ఒక రకం కాదు, వేలాది రకాలు. దేని పని దానిదే. పైపొరలోనివి గాలి పీలుస్తూ, రాలిన ఆకులను కుళ్లబెడతవి. మెత్తబడిన ఆకు పీతలకూ, రొయ్యలకూ ఆహారమవుతుంది. అడుగున గాలి లేదు గనక, అక్కడివి గాలికి బదులు సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుంటవి. ఇటువంటి బాక్టీరియాను 1895లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైయరింక్ కనిపెట్టాడు. వాసనగల వాయువు వీటినుంచి పుట్టేదే. అది ఇనుముతో కలిసి మట్టిని నల్లబరుస్తుంది. ఆ వాయువే ఇంకొక రకానికి బ్రతుకుతెరువు! మరికొన్ని వేళ్లచుట్టూ చేరి, గాలిలోని నత్రజనిని చెట్టుకు ఎరువుగా మారుస్తవి.

బాక్టీరియాలు కంటికి కనిపించవని మీరు చదువుకున్నారు. కాని కరిబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవి మడ అడవిలో, నీట మునిగిన ఆకులమీద, సెంటీమీటరు పొడవుగల బాక్టీరియా దొరికింది! చూడటానికి తెల్లని దారపు పోగులాగా ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీని సంగతి 2022లో లోకానికి వెల్లడించారు.

మరి ఈ చెట్లను కొట్టి, బురదను తవ్వి ఎండబెడితే ఏమవుతుంది? లోపల దాగిన గంధకానికి గాలి తగులుతుంది. అప్పుడు వేరొక రకం బాక్టీరియాల సాయంతో అది గంధకికామ్లంగా మారుతుంది. కొన్ని దేశాలలో మడ అడవులు కొట్టి చెరువులు తవ్వినవారు, నీరు ఆమ్లమై చేపలు చచ్చి నష్టపోయారు. చెట్టు నిలిచి, బురద తడిగా ఉన్నంతకాలమే ఈ పనివాళ్లు మనకు మేలుచేస్తారు.

పిల్లలూ! ఈసారి మడిలో బుడగ లేస్తే, కోరింగ బురదలో ఉన్న దాని చుట్టాలను కూడా తలుచుకోండి.