కప్పు మీది వాన, కప్పులోని ఆవిరి: ఒక తూము కథ

చదును కప్పు అని పిలిచేది ఏదీ పూర్తిగా చదునుగా ఉండదు. నీరు నిలిచిన చోట ఎంత మంచి పూతైనా కాలక్రమంలో దెబ్బతింటుంది కాబట్టి, సాధారణంగా నూరడుగులకు ఒక అడుగు పల్లం వచ్చేలా దానికి వాటం ఇచ్చి, పిట్టగోడ మొదట్లో తూము వదులుతారు. నూరు చదరపు మీటర్ల కప్పుపై 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1,000 లీటర్ల నీరు ఆ తూమునే వెతుక్కుంటూ వస్తుంది.

వెనుకటి మిద్దెలపై ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దట్టించిన గచ్చు వాటాన్ని ఇచ్చి, వానను ఆపి, ఎండ తీవ్రతను కొంత తగ్గించేది. లోపలికి చేరిన కాస్త తడి తిరిగి ఎండలో ఆరిపోయేది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ పనులు వేర్వేరు పొరలకు పంపకమయ్యాయి: నీటిని ఆపేది ఒకటి, వేడిని ఆపేది ఇంకొకటి. వేడిని ఆపే నురుగు పలకలు తమ గుల్లల్లో కదలకుండా ఉండే గాలి వల్లే పనిచేస్తాయి. నీరు ఆ గాలి కంటే ఇరవై రెట్లకు పైగా సులభంగా వేడిని ప్రసరింపజేస్తుంది కనుక, తడిసిన పలక ఉన్నా పెద్దగా ఉపయోగం ఉండదు.

ఆ తడి వాన నుంచే రానక్కరలేదు. 30 డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు, 10 డిగ్రీల వద్ద సుమారు 9 గ్రాములకు మించి మోయలేదు. మిగిలినది చల్లని తలంపై నీరుగా మారుతుంది. చలిదేశాల ఇళ్లలో ఇలా గోడల్లోనూ కప్పుల్లోనూ చేరే తడిని 1930లలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ రౌలీ పరిశోధించారు. ఆవిరిని ఆపే పొర, అంటే ఆవిరి తెర, వెచ్చగా ఉండే వైపునే ఉండాలన్న సూత్రం ఆ కాలంలోనే స్థిరపడింది. 1933లో ఇంగ్లండ్‌లో ఫాసెట్, గిబ్సన్ కనుగొన్న పాలిథీన్ తరువాతి కాలంలో ఆ తెరకు చవకైన పదార్థమైంది.

అయితే తూము గొట్టం నీటి పొరనూ, పలకనూ, ఆవిరి తెరనూ చీల్చుకుని కిందికి దిగక తప్పదు. అందుకే రెండు అంచుల తూము రూపొందింది: పై అంచు నీటి పొరను బిగించి పట్టుకుని వానను గొట్టంలోకి మళ్లిస్తుంది, కింది అంచు ఆవిరి తెరను పట్టుకుని గదిలోని ఆవిరి గొట్టం పక్కనుంచి పైకి పాకకుండా అడ్డుకుంటుంది. కింది బిగింపు సడలితే ఆవిరి చల్లని భాగాలపై నీరై చుక్కలుగా రాలుతుంది. వాన కారిందనుకుని పైన ఎన్ని పూతలు వేసినా ఆ చుక్కలు ఆగవు.

వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే వికారాబాద్, తాండూరు ప్రాంతంలో ఈ ఏర్పాటును ఉన్నదున్నట్టు దింపుకోకూడదు. ఇక్కడ ఏసీ గది చల్లగానూ బయటి గాలి వేడిగానూ ఉంటుంది కాబట్టి, వానాకాలంలో ఆవిరి బయటినుంచి లోపలికి తోసుకువస్తుంది. పలక కింద మరో తెర పరిస్తే, కట్టేటప్పుడు చేరిన నీరు రెండు పొరల నడుమ చిక్కుకుపోతుంది. 1960లలో అమెరికాలో ప్రచారంలోకి వచ్చిన తలకిందుల కప్పు ఇక్కడి వాతావరణానికి బాగా నప్పుతుంది. అందులో వాటం ఇచ్చిన స్లాబుపై నీటినీ ఆవిరినీ కలిపి ఆపే ఒకే పొర పరిచి, నీరు పీల్చని నురుగు పలకలను దానిమీద పేర్చి, ఆపైన బరువు పెడతారు. తూముకు రెండు మట్టాల్లో ప్రవేశం ఉండాలి: ఒకటి పైన పారే నీటికి, మరొకటి పలకల కిందికి జారి పొరపై పారే నీటికి.

బరువు ఎందుకంటే, 50 మిల్లీమీటర్ల పలక నీట మునిగితే చదరపు మీటరుకు దాదాపు 48 కిలోల బలంతో పైకి తేలడానికి చూస్తుంది. పొరలు పొరలుగా చీలే సున్నపురాయి నుంచి తీసే తాండూరు బండ 25 మిల్లీమీటర్ల మందంలో చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు తూగుతుంది. ఇళ్లలో నేలకు పరిచే ఆ రాయే పలకను అణచిపెట్టి, ఎండ నుంచి కూడా కాపాడుతుంది. ఆ అదనపు బరువును మోసేలా స్లాబును ముందే లెక్కకట్టి కట్టాలి.

పలకలు పేర్చకముందే తూమును మూసి, పొరపై నీరు నింపి, కనీసం ఒక రోజు నిలిపి చూడాలి. బండలు పరిచాక లోపాన్ని వెతకడమంటే కప్పంతా విప్పడమే. వాన ఎటు పారుతుందో, ఆవిరి ఎటు కదులుతుందో రెండూ తెలుసుకున్నాకే ఏ పొర ఎక్కడుండాలో నిర్ణయించాలి. ఆ నిర్ణయం సరైనదో కాదో మొదట తేలేది తూము దగ్గరే.